నీ హాలు కర్టెన్లకి 13 మీటర్లు

చి.ల.సౌ. బుజ్జమ్మకి,

అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు, ఆ ఇంటీరియర్ వాళ్ళిచ్చిన కొటేషనూ చూశాను. ఫాల్స్ సీలింగు, టీవీ వెనక పీవీసీ ప్యానెళ్ళు, వంటగదిలో మార్బుల్ స్టిక్కరు... ఇల్లు ఖాళీ చేసిన రోజు ఇవన్నీ ఓనరుకి దానం చేసి రావలసినవే. అద్దె ఇంట్లో డబ్బు పెడితే లారీ ఎక్కే వాటి మీదే పెట్టాలి. గుడ్డ, దీపాలు, జంపఖానా, అద్దం. మీరు అనుకున్న 40,000 వీటికి సరిపోతుంది, కొలతలు తప్పకపోతే. చవకగా కనిపించే ఇళ్ళలో చాలావాటికి డబ్బు తక్కువై కాదు, కర్టెను పొట్టిదై, తివాచీ చిన్నదై అలా కనిపిస్తాయి.

ముందు హాలు ఖాళీ చెయ్యండి. సజ్జ మీద అట్టపెట్టెలు కనబడుతున్నాయి, వాటికి గోడ రంగులోనే ఒక తెర కుట్టించు. షోకేసులో గృహప్రవేశాలకీ పెళ్ళిళ్ళకీ వచ్చిన వినాయకులు ఏడుగురున్నారు, ఒక్కరిని ఉంచి మిగతావారిని పెట్టెలో పెట్టు. కిరాణా కొట్టు క్యాలెండరు వంటగది తలుపు వెనక్కి వెళ్ళాలి. పారెయ్యకు, తిథులు చూడాలిగా. టీవీ కింద వేలాడే వైర్లని పీవీసీ కేసింగ్ పట్టీలో పెట్టి, పట్టీకి గోడ రంగే వెయ్యండి. ఆ వైర్లు అలా ఉన్నంతకాలం పక్కన ఎంత పెట్టి కొన్నా చూపు వాటి మీదికే పోతుంది.

ఇక కర్టెన్లు. ఎక్కువ ఖర్చు ఇక్కడే పెట్టు.

మీ కిటికీ 5 అడుగుల వెడల్పు, దాని పైఅంచు నేల నుంచి 7 అడుగులు. ఇప్పుడు రాడ్డు సరిగ్గా ఆ అంచు మీదే ఉంది, అందుకే కప్పు కిందికి దిగినట్టు ఉంది. రాడ్డుని నేల నుంచి 8½ అడుగులకి ఎత్తించు. పొడవు 7 అడుగులు ఉండాలి, అంటే కిటికీకి అటో అడుగు ఇటో అడుగు. తెర తీసినప్పుడు గుడ్డంతా గోడ మీదికి వెళ్ళి అద్దం మొత్తం బయటపడుతుంది, కిటికీయే పెద్దదనిపిస్తుంది. 7 అడుగులకి సన్నటి 19 ఎంఎం పైపు వేస్తే నడుం వంగుతుంది. 25 ఎంఎం తీసుకుని మధ్యలో మూడో బ్రాకెట్టు పెట్టించు. ఆ ఎత్తులో కాంక్రీటు బీము తగలొచ్చు, మామూలు డ్రిల్లు దిగదు, హామర్ డ్రిల్లున్న అబ్బాయినే పిలవండి. స్విచ్ బోర్డుకి నిలువుగా పైన ఎక్కడా కన్నం పెట్టనివ్వకు. వైరు పైపు సాధారణంగా ఆ దారినే వెళుతుంది.

గుడ్డ లెక్క జాగ్రత్తగా చూడు. కుచ్చిళ్ళు చాలని చీర ఎలా ఉంటుందో గుడ్డ చాలని కర్టెనూ అంతే. రాడ్డుకి రెండింతలకి తగ్గకూడదు. 7 అడుగుల రాడ్డుకి 14 అడుగుల గుడ్డ కావాలి. 48 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే నాలుగు ముక్కలు వేస్తే 16 అడుగులు, పక్క మడతలు పోను సరిపోతుంది. ఒక్కో ముక్క పొడవు 102 అంగుళాలు, పైన మడతకి 6, కింద రెండు మడతలకి 8, వెరసి 116, దగ్గర దగ్గర 3 మీటర్లు. నాలుగింటికి 12. నూలు కలిసిన గుడ్డ నూటికి మూడు నాలుగు వంతులు కుదించుకుపోతుంది కాబట్టి 13 మీటర్లు కొని, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయించాకే టైలరుకి ఇవ్వు. ఈ పని మానేస్తే మొదటి ఉతుకుకే తెర చీలమండ దాటి పైకొస్తుంది. రెడీమేడ్ కర్టెన్లు 5, 7, 9 అడుగుల్లోనే ఉంటాయి. తొమ్మిది అడుగులవి కొని కింద మడిపించినా ఫర్వాలేదు, ఏడు అడుగులవి మాత్రం వద్దు.

రంగు గోధుమ వన్నెలోనో బూడిద కలిసిన ఆకుపచ్చలోనో, సాదాగా. పట్టులా తళతళలాడే పాలిస్టరు దీపం వెలుగులో చవకదనం చాటుకుంటుంది. వెనక తెల్ల లైనింగ్ తప్పనిసరి. ఎండకి రంగు పోదు, బరువుకి గుడ్డ నిటారుగా దిగుతుంది. లైనింగ్ అసలు గుడ్డ కంటే అంగుళం పొట్టిగా ఉండాలి, కింద రెండింటినీ కలిపి కుట్టెయ్యొద్దని చెప్పు. అవి వేర్వేరుగా కుదించుకుంటాయి, కలిపి కుడితే అంచు మెలి తిరుగుతుంది. రాడ్డు దూరేలా గుడ్డకే బిగించే రింగులు పెట్టిస్తే ఒక్కో ముక్కకి సరిసంఖ్యలో, ఎనిమిది. బేసి అయితే ఒక చివర గదిలోకి పొడుచుకొస్తుంది. నేలకి అర అంగుళం పైన ఆపాలి. విదేశీ ఫొటోల్లో నేల మీద జీరాడుతుంటాయి కానీ, రోజూ తడిగుడ్డ పెట్టే మన ఇళ్ళకి అది పనికిరాదు. గుడ్డ, లైనింగ్, కుట్టుకూలి, రాడ్డు అన్నీ కలిపి ఏడెనిమిది వేలలో తేలాలి.

దీపాల సంగతి. మీ హాల్లో ఉన్న ట్యూబులైట్లు 6500 కె. కె అంటే కెల్విన్, వెలుగు రంగు చెప్పే అంకె, తగ్గేకొద్దీ పసుపు. ఆ నీలి తెలుపులో ఎంత మంచి సోఫా అయినా ఆసుపత్రి బెంచీలా ఉంటుంది. ఇల్లు తుడవడానికీ చదువుకోడానికీ ఒకటి ఉంచి, సాయంత్రాలకి 2700 లేదా 3000 కె బల్బులు పెట్టు. రెండూ కలపకు, గదంతా ఒకే అంకె. డబ్బా మీద సీఆర్‌ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సరిగ్గా కనబడతాయో చెప్పే అంకె, కూడా చూడు. 90 దాటితే రంగులు ఉన్నవి ఉన్నట్టుంటాయి, 80 లోపల కుంకుమరంగు ఇటుకపొడిలా మారుతుంది. కొట్లో ఎర్ర పట్టు అంచు ఒకటి బల్బు కింద పట్టి చూస్తే అంకెలతో పనే లేదు. ఒకటే పెద్ద దీపం కప్పులో కాకుండా, సోఫా పక్క ఒకటి, టీవీ మూల ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి, మూడు చిన్నవి. ఒక్కోదానికి 7 వాట్లు చాలు. దీపం మీది గొడుగు కింది అంచు కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తులో, అంటే నేల నుంచి 40 అంగుళాలు అటూ ఇటూగా ఉండాలి. మరీ పైకి పెడితే బల్బు కళ్ళలో గుచ్చుకుంటుంది.

జంపఖానా వరంగల్‌ది తీసుకో, నూలుది, ఉతకొచ్చు, రెండు వైపులా వాడొచ్చు. మీ గదికి 6×9 అడుగులు. ముందు పాత పేపర్లు ఆ కొలతకి పరిచి చూడు. సోఫా ముందుకాళ్ళు దాని మీదికి రావాలి, లేకపోతే కాళ్ళు తుడుచుకునే పట్టాలా మధ్యలో తేలుతుంది. టైల్స్ మీద జారుతుంది, కింద రబ్బరు జాలీ వెయ్యి.

అద్దం 2×4 అడుగులది, 5 ఎంఎం మందం, గ్లాసు కొట్లో కోయించి ఫొటో ఫ్రేములవాడి దగ్గర చెక్క కట్టించు. గాజు ఒక్కటే 9 కిలోలు దాటుతుంది, అంటించే హుక్కులు నమ్మొద్దు, రెండు స్క్రూలు ప్లగ్గులతో బిగించాలి. వెనక ప్లైవుడ్‌కి అతికించేటప్పుడు న్యూట్రల్ సిలికాన్ అని అడుగు. వెనిగర్ వాసనొచ్చే రకం అద్దం వెనక పూతని తినేస్తుంది, కొన్నాళ్ళకి నల్లమచ్చలు తేలతాయి. కిటికీకి ఎదురుగానో పక్కగోడకో పెట్టు. చెప్పుల స్టాండుకి ఎదురుగా పెడితే చెప్పులు రెట్టింపవుతాయి.

సోఫా పైన చిన్న ఫొటోలు పదికి బదులు ఒక్కటే పెద్దది. చిరిగిన పట్టుచీర కొంగు ఫ్రేము కట్టించడం చాలా బాగుంటుంది, కానీ ఫెవికాల్‌తో అతికించనివ్వకు, పచ్చబడి జరీ నల్లబడుతుంది. నూలు గుడ్డ మీద సన్న కుట్లు వేసి, గాజుకి తగలకుండా పావు అంగుళం ఎడం ఉంచాలి. వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులు, సోఫా వీపుకి ఎనిమిది అంగుళాల పైన.

దిండ్లకి పెడన కలంకారీ గానీ పోచంపల్లి ఇక్కత్ గానీ. 16 అంగుళాల గలేబుకి 18 అంగుళాల దిండు దూర్చు, బొద్దుగా ఉంటుంది. 44 అంగుళాల పన్నాలో ఒక మీటరుకి రెండు గలేబులు, వెనక మడత సహా. కలంకారీని మొదట్లో విడిగా చన్నీళ్ళలోనే ఉతుకు. కొండపల్లి బొమ్మలు తడిగుడ్డతో తుడవకు, మెత్తటి బ్రష్ చాలు.

అలమర పిడులు కూడా మార్చొచ్చు. స్క్రూ కన్నాల మధ్య దూరం కొలువు, తరచు 96 లేదా 128 ఎంఎం ఉంటుంది. అదే దూరంవి ఇత్తడి రంగులో కొంటే కొత్త కన్నాలు అక్కర్లేదు. పాతవి స్క్రూలతో సహా సంచిలో కట్టి దాచు, ఇల్లు వదిలేప్పుడు తిరిగి బిగించాలి. గోడకి వాల్‌పేపరు మాత్రం ఆలోచించకు. బాత్రూమ్ గోడ పక్కన ఉప్పు పొంగిన మచ్చ ఫొటోలోనే కనబడుతోంది, దాని మీద ఏది అంటించినా నెలల్లో ఉబ్బుతుంది. ముందు ఓనరు చేత లీకు బాగు చేయించండి.

గుడ్డ కొనేముందు ఒకసారి మళ్ళీ కొలిచి పంపు. టైలరు టేపు సాగుతుంది, అల్లుడి దగ్గరున్న స్టీలు టేపుతో, రాడ్డు వచ్చేచోటి నుంచి నేలదాకా ఎడమ, మధ్య, కుడి మూడు చోట్ల. మీ నేల బాల్కనీ వైపు వాలు ఉన్నట్టుంది. మూడింటిలో చిన్న అంకెకే కోయిస్తాం.

ఉంటాను.
అమ్మ