మాస్టర్స్ ఈతగాళ్ల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మాస్టర్స్, అంటే 25 ఏళ్లు నిండిన ఈతగాళ్లమైన మన సంఘంలో 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు జరిగిన పనుల నివేదికను కార్యవర్గం తరఫున సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఏటా ఈ నివేదిక వేసవి కోచింగ్‌తో మొదలై కోశాధికారి లెక్కలతో ముగుస్తుంది. ఈసారి ఆ రెండూ క్లుప్తంగా ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ సమావేశాలు ఒకే గొడవ చుట్టూ, అంటే పోటీల్లో కాస్ట్యూమ్ రూల్ చుట్టూ, తిరిగాయి కాబట్టి నివేదికా అటే పోయింది. అంతా చదివే తీరిక లేనివాళ్లు చివర్లో ఉన్న తీర్మానం ముసాయిదా ఒక్కటైనా చదివి రండి. దేనికి చెయ్యెత్తుతున్నామో తెలిసి ఎత్తాలి కదా.

ముందు మామూలు సంగతులు. పిల్లల వేసవి క్యాంపు వల్ల ఏప్రిల్, మే నెలల్లో మన ఉదయం బ్యాచ్‌కి లేన్లు తగ్గాయి. జూన్ నుంచి తిరిగి దక్కాయి. క్లోరిన్ ఎక్కువై కళ్లు మండుతున్నాయన్న ఫిర్యాదు పూల్ మేనేజర్ దాకా తీసుకెళ్లాం. ఇప్పుడు రోజూ పొద్దున రీడింగ్ బోర్డు మీద రాస్తున్నారు. కొత్తగా చేరినవారిలో నలభై దాటిన ఆడవాళ్లే ఎక్కువ. ఇది సంతోషించాల్సిన మాట, అసలు గొడవ మొదలైందీ ఇక్కడే.

మన సభ్యురాలు ఒకరు, అందరం టీచరమ్మ అని పిలిచే ఆవిడ, అరవై దాటాక ఈత నేర్చుకున్నారు. ఈ ఏడాది ఒక మీట్‌లో, అంటే ఈత పోటీలో, 50 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌కి పేరిచ్చారు. రోజూ పూల్‌కి వేసుకొచ్చే పొడుగు చేతుల కాస్ట్యూమ్‌తోనే వరుసలో నిలబడ్డారు. పేర్లు పిలిచే టేబుల్ దగ్గర ఒకాయన పైనుంచి కిందికి చూసి, "ఈ డ్రెస్ చెల్లదమ్మా" అన్నారు. ఎందుకని అడిగితే "ఇంటర్నేషనల్ రూల్" అన్నారు. ఎక్కడ రాసుందని అడిగితే కాగితం చూపించలేదు. మీట్ సర్క్యులర్‌లో ఆ ముక్కే లేదు. ఆవిడ తువ్వాలు భుజాన కప్పుకుని గ్యాలరీలోకి వచ్చి కూర్చున్నారు, మిగతా హీట్‌లకి చప్పట్లు కొట్టారు కూడా. కోపం వచ్చింది మాకు.

తిరిగొచ్చాక చూస్తే ఆయన చెప్పిన రూల్ ఉన్నమాట నిజమే. పూల్ పోటీల్లో ఆడవాళ్ల కాస్ట్యూమ్ మెడ కప్పకూడదు, భుజం దాటి చేతుల మీదికి రాకూడదు, మోకాలు దాటకూడదు. మగవాళ్లది నడుము నుంచి మోకాలి దాకా. బట్టతోనే కుట్టి ఉండాలి. ఈ రూల్ పుట్టింది మన టీచరమ్మ లాంటివాళ్ల కోసం కానే కాదు. 2008లో స్పీడో కంపెనీ వేగం పెంచే ఈత సూట్ ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ వచ్చింది. దాని వెనకే పూర్తిగా పాలీయురథేన్‌తో, అంటే బట్ట కాని ఒక రకం ప్లాస్టిక్‌తో, చేసిన సూట్లు దిగాయి. 2009 రోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 43 ప్రపంచ రికార్డులు పడిపోయాయి. ఈదింది మనిషా, సూటా అని గోల పుట్టి, ప్రపంచ ఈత సంస్థ, అప్పటి ఫినా, 2010 జనవరి 1 నుంచి వాటిని నిషేధించింది. కారణం న్యాయమైనదే. కాకపోతే సెకనులో వందో వంతు కోసం ప్రాణం పెట్టేవాళ్ల మీద గీసిన గీత, గట్టు చేరితే చాలనుకునే అరవై ఏళ్లావిడ మీదా అలాగే పడింది. గీత గీసిన గదిలో ఆవిడ లాంటివాళ్లు ఎవరూ లేరు.

ఆ గది ఎక్కడుంది, అందులో ఎవరుంటారు అన్నది తెలుసుకోవడానికి మన రూల్స్ కమిటీ వర్షాకాలమంతా కూర్చుంది. కమిటీ పేరు పెద్దది. నిజానికి ఈత అయ్యాక క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ ప్రింటవుట్లు చదివిన నలుగురైదుగురు. వాళ్లు తేల్చింది ఇది.

మనం క్లబ్బు. క్లబ్బు పైన జిల్లా, దాని పైన రాష్ట్ర సంఘం, ఆ పైన స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, అందరి పైన వరల్డ్ ఆక్వాటిక్స్. 1908లో లండన్‌లో ఫినాగా పుట్టిన సంస్థే 2022 డిసెంబరులో పేరు మార్చుకుంది. అక్కడి మహాసభలో ఓటు దేశాల ఫెడరేషన్లది. మాస్టర్స్ అంటే 25 ఏళ్లు నిండి, ఐదేళ్లకొక గ్రూపుగా ఈదే మనలాంటివాళ్లం. మన కోసం ఒక టెక్నికల్ కమిటీ ఉంది కానీ అందులోవాళ్లను మనం ఎన్నుకోం, పైవాళ్లు నియమిస్తారు. పోటీకి ఫీజు కట్టేది మనం. ఆరోగ్యం బాధ్యత నాదేనని సంతకం పెట్టేది మనం. ఓటు మాత్రం ఇంకొకరిది.

మొదట్నుంచీ ఇలా లేదు. 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో మొదటి జాతీయ మాస్టర్స్ మీట్ జరిగింది. దాని వెనక ఉన్నది ర్యాన్సమ్ ఆర్థర్ అనే నౌకాదళ డాక్టరు. పోటీ అంటూ ఒకటుంటే పెద్దవాళ్లు ఈత మానకుండా ఆరోగ్యంగా ఉంటారన్నది ఆయన ఆలోచన. కోచ్ జాన్ స్పానుత్ ముందుపడి మీట్ నడిపారు. 1985లో టొరంటోలో వరల్డ్ మాస్టర్స్ గేమ్స్ మొదలయ్యాయి. 1986లో టోక్యోలో ఫినా తన పేరుతో మాస్టర్స్ ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టింది. అప్పట్నుంచి పగ్గాలు ఫినా చేతికి వెళ్లాయి. లాభం లేదనను. రికార్డులకి గుర్తింపు వచ్చింది, కొలను పొడవు కొలిచిన సర్టిఫికెట్ ఉంటే తప్ప రికార్డు చెల్లదన్న క్రమశిక్షణ వచ్చింది. జపాన్‌లో మియెకో నగావోకా గారు 2015లో నూరేళ్ల వయసులో 1500 మీటర్లు 1 గంట 15 నిమిషాల 54 సెకన్లలో ఈదితే ప్రపంచమంతా నమ్మిందంటే ఆ కాగితాల వల్లే.

నష్టం క్యాలెండర్‌లో కనిపిస్తుంది. 2014 మాంట్రియల్ దాకా మాస్టర్స్ చాంపియన్‌షిప్‌కి వేరే ఊరు, వేరే తేదీలు. 2015 కజాన్ నుంచి దాన్ని పెద్ద చాంపియన్‌షిప్‌కి తోకలా కట్టేశారు. అదే ఊరు, వాళ్లదయ్యాక మనది. మంచి పూల్ దొరుకుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఎద్దు ఆగితే తోకా ఆగాల్సిందే. ఫుకుఓకా పోటీలు 2021లో జరగాల్సింది. ఒలింపిక్స్ వాయిదా పడితే 2022కి, కరోనాతో మళ్లీ 2023కి వెళ్లాయి. 2019 ఆగస్టులో గ్వాంగ్జూ అయ్యాక మాస్టర్స్‌వాళ్లు 2023 ఆగస్టు దాకా నాలుగేళ్లు ఆగారు. ఆ వెంటనే 2024 ఫిబ్రవరిలో దోహా వచ్చిపడింది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి నాలుగేళ్లు పోతే ఇంకో నాలుగేళ్లుంటాయి. ఎనభై ఏడేళ్ల పెద్దాయనకి ఆ లెక్క వర్తించదు. 2025లో సింగపూర్ దగ్గర్లో పడటం మన అదృష్టం. వెళ్లొచ్చిన సభ్యులకు అభినందనలు. టికెట్లు, హోటలు, ఒక్కో ఈవెంట్‌కీ ఫీజు, అన్నీ వాళ్లు సొంత డబ్బుతోనే పెట్టుకున్నారు. సంఘం ఇచ్చింది బ్యానరు, టోపీలు. క్లబ్బు పేరుతోనే ఈదాలి, మాస్టర్స్‌లో దేశం జట్టు అంటూ ఉండదు కాబట్టి ఆ టోపీల మీద పేరైనా మనది పడింది.

అన్నీ ఓటమి కథలే కావు. కమిటీకి బాగా నచ్చినది బటర్‌ఫ్లై సంగతి. 1952 దాకా బటర్‌ఫ్లై వేరే స్ట్రోక్ కాదు. బ్రెస్ట్ స్ట్రోక్ ఈదేవాళ్లే చేతుల్ని నీటి పైనుంచి విసిరేవాళ్లు, కాళ్లు మాత్రం కప్ప కాళ్లే. ఆ తర్వాత రెండూ విడిపోయాయి, బటర్‌ఫ్లైకి రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్ వచ్చింది. మామూలు పోటీల్లో ఇవాళ బటర్‌ఫ్లైలో కప్ప కాళ్లు కొడితే రిఫరీ వెంటనే డిస్‌క్వాలిఫై చేస్తాడు. మాస్టర్స్ నిబంధనల్లో మాత్రం ఆ పాత కిక్‌కి చోటు మిగిలింది. నడుం అంతగా వంగనివాళ్లు, ఆ పాత పద్ధతిలోనే నేర్చుకున్నవాళ్లు దానితోనే 50 మీటర్లు లాగుతారు. అలాగే స్టార్ట్. దూకే దిమ్మ, అదే బ్లాక్, ఎక్కనక్కర్లేదు. గట్టు మీంచి దూకొచ్చు, నీళ్లలో గోడ పట్టుకుని తోసుకోవచ్చు. మోకాలి ఆపరేషన్ అయిన మన సభ్యులు ముగ్గురు ఈ రూల్ ఉందని తెలియక ఇన్నాళ్లూ పోటీలకే పేరివ్వలేదు. సెప్టెంబరులో ఈ ముక్క తెలుగులో టైపు చేయించి డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి అంటించాం. తడికి మెత్తబడితే మళ్లీ లామినేషన్ చేయించి పెట్టాం. ఈ ఏడాది సంఘం చేసిన అన్ని పనుల్లో ఎక్కువ ఉపయోగపడింది ఆ అట్టముక్కేనని నా అభిప్రాయం.

సడలింపులు సాధించుకోవడంలో అమెరికా మాస్టర్స్ పద్ధతి చూడదగ్గది. అక్కడ మాస్టర్స్ సంస్థ పెద్ద ఈత సంస్థలో ఒక విభాగం కాదు, దాని పక్కన నిలబడ్డ విడి సంస్థ. ఫినాలో అమెరికా తరఫున సభ్యత్వం ఉన్న ఉమ్మడి సంస్థలో ఈత, డైవింగ్, వాటర్ పోలోలతో పాటు మాస్టర్స్‌కీ కుర్చీ ఉండేది. వాళ్లు 18 ఏళ్లకే సభ్యత్వం ఇస్తారు, మీటర్లలో కాక గజాల్లో కొలిచే కొలనుల్లో ఈదుతారు. ప్రపంచ రికార్డుకి అవి పనికిరావని తెలిసీ మానలేదు. వైద్యం, మతం కారణాలతో కాస్ట్యూమ్ రూల్ నుంచి మినహాయింపు అడిగే దారి వాళ్ల రూల్‌బుక్‌లోనే ఉంది. టీచరమ్మ అక్కడ ఉంటే ముందే అర్జీ పెట్టుకునేవారు.

గొడవ చేస్తే పైవాళ్లు వింటారా అని అడిగినవారికి సోల్ క్యాప్ ఉదాహరణ. ఒత్తైన నల్లజాతి జుట్టుకి సరిపోయే ఆ పెద్ద టోపీని 2021లో, టోక్యో ఒలింపిక్స్‌కి ముందు, తల సహజ ఆకారానికి తగ్గట్టు లేదని ఫినా కాదంది. నలుమూలల నుంచీ విమర్శలు వచ్చాయి. 2022 సెప్టెంబరులో అదే టోపీకి ఆమోదం దొరికింది. తల ఆకారాలు ఆ ఏడాదిలో ఏమీ మారలేదు.

మన వాట్సాప్ గ్రూపులో వేడిగా నడిచిన ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్ చర్చ గురించి రెండు ముక్కలు. డ్రగ్స్ వాడకాన్ని అనుమతించే ఆ పోటీల్లో పాల్గొన్నా, మద్దతిచ్చినా తమ పోటీలకు, పదవులకు అనర్హులవుతారని వరల్డ్ ఆక్వాటిక్స్ 2025 జూన్‌లో నియమం చేసింది. ఈతగాళ్లే కాదు, కోచ్‌లు, అధికారులు, వైద్య సిబ్బంది కూడా దాని కిందికి వస్తారు. డ్రగ్స్ విషయంలో కార్యవర్గంలో రెండో మాట లేదు. "మద్దతు" అనే మాట ఎంత దూరం సాగుతుందన్నదే అనుమానం. వేరే పోటీకి వెళ్తే వేటు వేసే క్రీడా సంఘాల అధికారం హద్దుల్లేనిది కాదని యూరప్ న్యాయస్థానం 2023 డిసెంబరులో, ఇద్దరు డచ్ స్కేటర్ల ఫిర్యాదు నుంచి మొదలైన కేసులో, తేల్చి చెప్పింది. అనుమతి ఇవ్వడానికీ నిరాకరించడానికీ స్పష్టమైన, పక్షపాతం లేని ప్రమాణాలు ఉండాలంది. ఆ తీర్పు మనకు వర్తించదు. చదువుకుని ఉంచుకోవడం మంచిది.

ఇక మనం చేసింది. అక్టోబరులో ఈ గొడవ మీద పై సంఘానికి ఉత్తరం రాశాం. జవాబు లేదు. డిసెంబరులో గుర్తు చేశాం. ఫోనులో "చూస్తామండీ" అన్నారు. ఫిబ్రవరిలో ఇద్దరు సభ్యులు స్వయంగా వెళ్లి, ఉత్తరం అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చారు. ఇప్పటికి చేతిలో ఉన్నది ఆ ముద్రే.

ఈ నత్తనడక చూసి, విడిపోయి మన మీట్లు మనమే పెట్టుకుందామని జనవరి సమావేశంలో రైల్వే పెద్దాయన గట్టిగా వాదించారు. "మనల్ని లెక్కచేయనివాళ్లకి మనం ఫీజెందుకు కట్టాలి?" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. ఆయన మీద గౌరవంతోనే నేను ఒప్పుకోను. విడిపోతే మన టైమింగ్‌లు మన గోడ మీదే మిగులుతాయి, ప్రపంచ పోటీకి వెళ్లాలంటే గుర్తింపున్న క్లబ్బు సభ్యత్వం కావాల్సిందే. పైగా మన దేశంలో మాస్టర్స్ క్రీడల పేరుతో ఉన్న సంఘాలు ఇప్పటికే చాలు. ఇంకొకటి పెడితే వచ్చేది ఇంకో అధ్యక్షుడు, ఇంకో రబ్బరు స్టాంపు.

అందుకే కార్యవర్గం తెస్తున్న తీర్మానం ముసాయిదా ఇలా ఉంది: "రాష్ట్ర సంఘం టెక్నికల్ కమిటీలో మాస్టర్స్ ఈతగాళ్లు తామే ఎన్నుకున్న ప్రతినిధి ఒకరికి ఓటుతో కూడిన చోటు ఇవ్వాలి. ప్రతి మాస్టర్స్ మీట్ సర్క్యులర్‌లో కాస్ట్యూమ్, స్టార్ట్, బటర్‌ఫ్లై కిక్ నిబంధనలు తెలుగులో, పోటీకి నెల ముందే ప్రకటించాలి. వైద్యం, మతం లేదా వ్యక్తిగత మర్యాద కారణంగా కాస్ట్యూమ్ మినహాయింపు కోరేవారికి అర్జీ పెట్టుకునే వీలు కల్పించాలి. రికార్డు కోరనివారిని కనీసం ఈదనివ్వాలి." చివరి మాట మీద కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం లేదు. రికార్డు వద్దన్నా పతకం సంగతేమిటన్న ప్రశ్న అలాగే ఉంది. సవరణలు ఉంటే రాతపూర్వకంగా ముందే ఇవ్వండి, అక్కడికక్కడ లేచి అరిస్తే మినిట్స్ రాసేవారికి కష్టం.

లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. చందా పెంచే ప్రతిపాదన లేదు. స్టాప్‌వాచ్‌లు రెండు పాడయ్యాయి, కొత్తవి కొనడానికి అనుమతి కోరుతున్నాం. లాకర్ తాళాలు తిరిగివ్వనివారు సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చివ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి