మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (ఏప్రిల్ 2024 – మార్చి 2025)

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టి నివేదిక చదవాలి కాబట్టి చదువుతున్నాను. పోయినేడు నేను చదువుతున్నంతసేపూ సగం మంది ఇడ్లీల దగ్గరే ఉన్నారు. అందుకని ఈసారి టిఫిన్లు నివేదిక అయ్యాకే. ఈ ఆలోచన కోశాధికారి గారిది, తిట్టదలుచుకున్నవాళ్ళు ఆయన్నే తిట్టండి.

సంవత్సరం మొదలయ్యేసరికే ఎన్నికల కోడ్ ఉంది. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. అప్పటిదాకా ఎక్కడ ఏ కాగితం ఇచ్చినా "కోడ్ అండీ" అన్న మాటే. ఆ తర్వాత కొత్త ప్రభుత్వం, బదిలీలు. మనం ఏడాదిన్నరగా తిరిగి తిరిగి పరిచయం చేసుకున్న ఇంజనీరు గారు వేరే ఊరు వెళ్ళిపోయారు, కొత్తాయనకు మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నాం. మూడో లైన్ సైడు కాలవ పూడిక తీయించాం. పద్నాలుగు వీధి దీపాలు మార్పించాం, అందులో రెండు మళ్ళీ పోయాయి. వినాయక చవితి, సంక్రాంతి ముగ్గులు ఎప్పట్లాగే బాగా జరిగాయి. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఒకటే: కమ్యూనిటీ హాళ్ళ గురించి కార్పొరేషన్ కౌన్సిల్ అజెండాలో వచ్చిన అంశం నంబరు 74.

నవంబరులో ఒక బుధవారం సాయంత్రం ఐదో లైన్ మాస్టారు గారు మనవరాలి ప్రాజెక్టు ప్రింట్లకని జిరాక్స్ షాపుకు వెళ్ళారు. అక్కడ ఎవరో కౌన్సిల్ అజెండా పుస్తకం కాపీలు తీయించుకుంటున్నారు. మాస్టారు గారికి ఏ కాగితం కనిపించినా చదివే అలవాటు. చదివి, సాయంత్రం వాకింగ్ కూడా మానుకుని తిన్నగా మా ఇంటికి వచ్చారు. కార్పొరేషన్ కమ్యూనిటీ హాళ్ళ నిర్వహణ విధానాన్ని మార్చే ప్రతిపాదన అది. హాళ్ళను లీజుకిచ్చేస్తారు. అద్దె ఖరారు చేసేది లీజుదారు. పైగా ఏటా 10 శాతం పెంచుకోవచ్చన్న మాట ఒక పేరా చివర, "తదితర షరతులకు లోబడి" అన్న ముక్క పక్కన ఇరికించి ఉంది. నెలనెలా మనం మీటింగు పెట్టుకునే హాలు, మన ఇళ్ళల్లో సీమంతాలు, సంవత్సరీకాలు జరిగే హాలు ఇదే.

కొత్త సభ్యుల కోసం ఒక మాట చెప్పాలి. కార్పొరేషన్‌లో ఒక విధానం మారాలంటే ముందు సెక్షన్‌లో ఆఫీసు నోట్ తయారవుతుంది. అది కమిషనర్ గారి దాకా వెళ్ళి, అంశాన్ని బట్టి స్థాయీ సంఘానికో, నేరుగా కౌన్సిల్‌కో వస్తుంది. కౌన్సిల్ ఆమోదిస్తే తీర్మానం. కొన్నింటికి ఆ పైన ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. ఇదంతా కాగితం మీద బాగానే ఉంది. ఇందులో మనబోటివాళ్ళకు తెలిసేది ఎప్పుడంటే, అంతా అయిపోయి కౌంటర్ దగ్గర కొత్త రేటు అడిగినప్పుడు. అజెండా కార్పొరేటర్లకు వెళ్తుంది, మనకు రాదు. కొన్ని అంశాలైతే సమావేశం రోజు పొద్దున్నే టేబుల్ అజెండా పేరుతో వచ్చి పడతాయి. వాటిని కార్పొరేటర్లే సరిగ్గా చదవరు, ఇక మనమెంత.

ఆ ఆదివారం పొద్దున పది గంటలకు హాల్లో కూర్చున్నాం. ముప్పై ఒక్క మంది వచ్చారు, చాపలు సరిపోలేదు. మాస్టారు గారు ఒక్కో వాక్యం పైకి చదవడం, రెండో లైన్ రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు గారు దాన్ని మామూలు తెలుగులోకి మార్చి చెప్పడం. "విధివిధానాలు ఖరారు చేయు అధికారము" దగ్గర ఆయన ఆగి, "అంటే ఏం లేదమ్మా, వాళ్ళిష్టం అని" అన్నారు. అప్పటిదాకా కూరలు తరుగుతూ వింటున్న మహిళా విభాగం వాళ్ళు కత్తిపీటలు పక్కనపెట్టి ముందుకొచ్చి కూర్చున్నారు. డిపాజిట్ తిరిగి ఎన్ని రోజుల్లో ఇస్తారో ఎక్కడా రాయలేదని పట్టుకున్నది వాళ్ళే. కిందటేడు పెళ్ళిచూపులకు కట్టిన డిపాజిట్ కోసం నాలుగు నెలలు తిరిగిన అనుభవం మరి.

మధ్యాహ్నానికి రెండు పేజీల అభ్యంతర పత్రం తయారైంది. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(సి) అని ఒకటుంది. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడే వాటికి సంబంధించిన వివరాలు బయటపెట్టాలని అది చెబుతుంది. ఎవరో దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చేది కాదు, వాళ్ళంతట వాళ్ళే పెట్టాలి. దాని కిందే ఉన్న (డి) ప్రకారం, నిర్ణయం వల్ల ప్రభావితమైనవాళ్ళకు కారణాలు కూడా చెప్పాలి. ఈ రెండూ ఉదహరించి, యాభై ఎనిమిది సంతకాలతో సోమవారం అర్జీల్లో ఇచ్చాం. అర్జీలు తీసుకునే ఆ కార్యక్రమానికి స్పందన పేరు పోయి పీజీఆర్ఎస్ అయింది, కుర్చీలు మాత్రం అవే. పది రూపాయల ఫీజు కట్టి పాత తీర్మానం, ఇప్పటి ఆఫీసు నోట్ నకళ్ళు కూడా అడిగాం. ముప్పై రోజులు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేశాం. ఆ తర్వాతే కాగితాలు వచ్చాయి, పేజీకి రెండు రూపాయల లెక్కన.

కౌన్సిల్ రోజు సందర్శకుల గ్యాలరీకి నలుగురికి అనుమతి తెచ్చాను. వస్తామని మాటిచ్చిన ఇద్దరు రాలేదు. పేర్లు రాయను, వాళ్ళకు తెలుసు. పదకొండుకన్న సమావేశం పన్నెండుకు పది నిమిషాలు తక్కువలో మొదలైంది. సంతాప తీర్మానం, తర్వాత అరుపులు, పోడియం దగ్గరికి పరుగులు, భోజన విరామం. భోజనాలయ్యాక అంశాలు ఎంత జోరుగా సాగాయంటే, నంబరు చదవడం, "ఆమోదం" అనడం ఒక్క ఊపిరిలోనే. 73 అయింది. మన డివిజన్ కార్పొరేటర్ గారు లేచి మన పత్రం పైకెత్తి, "దీని మీద కాలనీవాళ్ళ అభ్యంతరాలున్నాయి, చర్చించకుండా వద్దు" అన్నారు. ఇంకో ఇద్దరు బల్లలు చరిచారు. మేయర్ గారు కమిషనర్ గారి వైపు చూసి ఒక్క మాట అన్నారు: "వాయిదా." మాస్టారు గారు నా చెయ్యి గట్టిగా నొక్కారు. గ్యాలరీలో చప్పట్లు కొట్టకూడదు కదా.

ఫిబ్రవరిలో సవరించిన ప్రతిపాదన ఆమోదం పొందింది. ఏటా 10 శాతం పోయింది, అద్దె పెంచాలంటే మూడేళ్ళకోసారి కౌన్సిల్ ముందుకే రావాలి. డిపాజిట్ పదిహేను రోజుల్లో ఇవ్వాలి. కాలనీ సంఘాలు నెలకు రెండు సమావేశాలు ఉచితంగా పెట్టుకోవచ్చు. లీజును మాత్రం ఆపలేకపోయాం. ఆపామని గ్రూపులో రాసుకుంటున్నవాళ్ళు దయచేసి మానండి.

ఇది చూసి "హాలు అద్దె తగ్గించారు, ఇంటి పన్ను కూడా తగ్గించండి" అని చాలామంది అడిగారు. రెండూ ఒకటి కాదు. మన కార్పొరేషన్లకు ఆధారం మొదట హైదరాబాద్ పేరుతో వచ్చిన 1955 నాటి చట్టం. దాన్ని మార్చేది వెలగపూడిలో శాసనసభ, కౌన్సిల్ కాదు. అద్దె విలువ మీద వేసే పన్నును 2020 సవరణతో ఆస్తి మూలధన విలువకు, అంటే ఆస్తి ఖరీదుకు, మార్చారు, 2021 ఏప్రిల్ నుంచి అమలు. ఒక్కసారిగా భారం పడకుండా ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్నారు, అందుకే మీ డిమాండ్ నోటీసు ఏటా పెరుగుతూ వస్తోంది. విశాఖ, విజయవాడల్లో సంఘాలు రోడ్డెక్కాయి. అప్పుడు ముసాయిదా నోటిఫికేషన్ మీద అభ్యంతరాలకు గడువిచ్చారు. ఆ గడువులో మన కాలనీ నుంచి వెళ్ళినవి నాలుగు. అందులో ఒకటి నాది, ఒకటి మా ఆవిడది.

అలాగని పైన తీసుకున్న నిర్ణయాలు మారవనీ కాదు. 2021 అక్టోబరులో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు వచ్చిన చెత్త యూజర్ చార్జీని 2024లో ప్రభుత్వమే తీసేసింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన కూడా 2024 నవంబరులో రద్దయింది. మన కాలనీలో ఒకాయన అప్పట్నుంచే తెల్లచొక్కాలు కుట్టించుకుంటున్నారని వినికిడి.

వార్డు కమిటీ సంగతి చెప్పకుండా ఉండలేను. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది. ఆ అధికరణాన్ని తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993 జూన్ 1న. మన డివిజన్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో చెప్పండి అని మూడు ఉత్తరాలు రాశాం. రెండింటికి అందినట్టు ముద్ర వేశారు. మూడోదానికి "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని వచ్చింది. సంబంధిత విభాగం ఏదో రాయలేదు. 2021 మార్చిలో ఎన్నికైన ఈ కౌన్సిల్ గడువు 2026 మార్చి దాకానే, అప్పటికైనా కూర్చుంటుందేమో చూడాలి.

ఇంత చెప్పాక ఒక సభ్యురాలు నన్నడిగిన ప్రశ్న కూడా దాచకుండా రాస్తాను. "కౌన్సిల్ నియమాలు సరే అన్నయ్యా, మన బైలాలు ఎప్పుడు మార్చారు?" నిజమే. అద్దెకున్నవాళ్ళకు ఓటు లేదన్న మన నిబంధన సంఘం పుట్టినప్పటిది. సగం ఇళ్ళల్లో ఇప్పుడు అద్దెవాళ్ళే. నెలనెలా చందా ఇచ్చేదీ, ఆ ఆదివారం చాపల మీద కూర్చున్నదీ ఎక్కువ వాళ్ళే. సవరణ కోసం రెండుసార్లు ప్రత్యేక సమావేశం పిలిచాం. కోరం, అంటే కావాల్సినంత మంది, లేక రెండూ వాయిదా. రెండోసారి అధ్యక్షులవారు, నేను, వాచ్‌మన్, ఇంకో పదకొండు మంది ఉన్నాం. కౌన్సిల్‌లో కోరం గురించి మనం ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి? సవరణ ముసాయిదా నోటీసు బోర్డు మీద నెల రోజులుగా ఉంది. ఇప్పటిదాకా వచ్చిన అభ్యంతరం ఒక్కటే, అదీ అక్షర దోషం గురించి.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి. ఆడిటర్ గారు సంతకం చేశారు. జిరాక్సుల ఖర్చు ఎక్కువైందన్నారు, ఎందుకో పైన చెప్పాను. చందా బకాయిల జాబితా చదవొద్దని కార్యవర్గం నిర్ణయించింది.

కృతజ్ఞతలు: అజెండా పట్టుకొచ్చిన మాస్టారు గారికి, అర్థం చెప్పిన డిప్యూటీ తహసీల్దారు గారికి, మహిళా విభాగానికి, మాట నిలబెట్టుకున్న కార్పొరేటర్ గారికి, అర్ధరాత్రి టైపు చేసి పెట్టిన నాలుగో లైన్ బీటెక్ కుర్రాడికి, కాపీలకు సగం డబ్బే తీసుకున్న జిరాక్స్ షాపు తమ్ముడికి, వార్డు సచివాలయంలో ఫోన్ చేస్తే ఎత్తే ఒకే ఒక్క అమ్మాయికి. నేను మర్చిపోయినవాళ్ళు నన్ను క్షమించి, వచ్చేటప్పుడు గుర్తుచేయండి.

ఇక నుంచి ప్రతి కౌన్సిల్‌కు ముందు వచ్చే ఆదివారం పది గంటలకు అజెండా చదువుతాం. అందుకు నలుగురు కావాలి, ఇద్దరు దొరికారు. మాస్టారు గారికి ఆగస్టులో కంటి ఆపరేషన్, కాబట్టి పైకి చదివేవాళ్ళు ఒకరు అత్యవసరం. బైలాల సవరణకు మూడో ప్రత్యేక సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం. చాపలు ఎవరింటివి వాళ్ళు తెచ్చుకోవాలి. పోయినసారి తీసుకెళ్ళిన రెండు చాపలు ఇంకా తిరిగి రాలేదు.

ఇట్లు,
కార్యదర్శి