నూతి మీద గోడ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం ఒక తెలుగు ఛానల్లో ప్రసారమైన అరగంట నాటిక గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. తండ్రి పోయిన ఏడాదికే అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకుంటారు. పెరట్లో లేచిన గోడ సరిగ్గా నూతి నడిమి మీదుగా పోవడంతో ఒకే నూతికి రెండు గిలకలు వెలుస్తాయి. మంచం పట్టిన తల్లి, గిలక కిర్రుమన్న తీరును బట్టి నీళ్లు తోడుతున్నది ఏ కోడలో పోల్చుకుంటూ ఉంటుంది. కొట్లాట ఒక్కటీ చూపకుండా, ఆ చప్పుడుతోనే ఆ ఇంటి మనస్పర్థలన్నీ వినిపించిన దర్శకుణ్ణి మనసారా అభినందిస్తున్నాను.

అన్నిటికన్నా నన్ను కదిలించినది ఆడపడుచు వచ్చిన ఘట్టం. పండక్కి పుట్టింటికి వచ్చిన ఆమె, కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి వెళ్లి, ఎవరి వైపు గిలక దగ్గరకు పోవాలో తేలక గోడ మొదట్లోనే ఆగిపోతుంది. దుమ్ము పట్టిన ఆ పాదాల మీద కెమెరా కాసేపు నిలిచింది. వాటాలు వేసినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదని మాకు అక్కడే అర్థమైంది.

మా పర్లాకిమిడి వాళ్లకు ఈ గోడ కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు ఒడిశాలోనూ, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఇప్పటి ఆంధ్ర వైపునా పడ్డాయి. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మాత్రం ఆగలేదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కునిచ్చే చట్టసవరణ, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించగా, ఇటువైపు ఆడపిల్లలు 2005 నాటి కేంద్ర సవరణ దాకా ఎదురుచూడవలసి వచ్చింది. అందుకే ఆ ఆడపడుచు నిలబడిన చోటు మాకు బాగా తెలిసిన చోటు.

ఇంత నేర్పుగా నడిచిన నాటికలో చివర పెద్దకొడుకు చేత, ఈ నుయ్యే మా అమ్మ, గోడ కట్టి అమ్మనే రెండుగా చీల్చామని చెప్పించడం నాకు నిజంగా బాధ కలిగించింది. అంతదాకా ఆ నుయ్యి తల్లికి ఒకలాగా, కోడళ్లకు ఒకలాగా, ఆడపడుచుకు మరొకలాగా కనిపించింది. ఆ ఒక్క మాటతో అది కొడుకుల పశ్చాత్తాపానికే పరిమితమై, కూతురి సంగతి మరుగున పడిపోయింది. పునఃప్రసారం చేసేటప్పుడైనా ఆ సంభాషణ తొలగించాలని నిర్మాతలను కోరుతున్నాను.

నాటిక అయిపోయాక ఎనభై ఏళ్ల మా అత్తగారు కొడుకుల గురించి ఏమీ అనలేదు. "ఇంతకీ ఆ పిల్ల కాళ్లు కడుక్కుందా, లేదా?" అని మాత్రం అడిగారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.