పెరటి కోళ్ల గూటికి గాలి, చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో పెరట్లో పది పదిహేను కోళ్లు పెంచుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. వాటి మేత గురించి, కొక్కెర తెగులు టీకాల గురించి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు గానీ, రాత్రంతా అవి తలదాచుకునే గూటి గురించి చెప్పేవారు తక్కువ. పిల్లి, ముంగిస భయంతో మనం గూటిని నాలుగు వైపులా మూసేస్తున్నాం. ఆ మూతే కోళ్ల ప్రాణం మీదికి తెస్తుందని నష్టపోయాక గానీ నాకు తెలియలేదు.

మా పెరట్లో ఇటుకలతో కట్టిన గూడు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండేది. పైన సిమెంటు రేకు, ముందు ఒక చెక్క తలుపు, అంతే. అందులో 14 కోళ్లను మూసేవాళ్లం, అంటే ఒక్కోదానికి చదరపు అడుగు చోటు కూడా లేదు. కిందటి మే నెలలో ఒకరోజు తెల్లవారుజామున తలుపు తీసేసరికి లోపలి ఘాటుకు నా కళ్ల వెంట నీళ్లు కారాయి. మూడు పెట్టలు చనిపోయి ఉన్నాయి. మిగిలినవి రెక్కలు ఒంటికి ఎడంగా ఎత్తి, నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. తెగులేనని ఇరుగుపొరుగు అన్నారు. కబురు పంపితే వచ్చిన పశువైద్యుడు మాత్రం ముందు గూటిలోకి తల పెట్టి చూసి, "ఇందులోకి గాలి ఎటునుంచి వస్తుందమ్మా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే కనుక, ఆ వేడిని అది ఎక్కువగా రొప్పుతూ శ్వాసతోనే బయటికి పంపుకోవాలి. చుట్టూ ఉన్న గాలి అప్పటికే వేడెక్కి, తేమతో నిండిపోయి ఉంటే ఎంత రొప్పినా ఫలితం ఉండదు. మన దగ్గర వేసవిలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు రేకు తాగిన వేడి రాత్రి చాలాసేపు గూట్లోనే ఉండిపోతుంది. దానికి తోడు రెట్ట. పచ్చి రెట్టలో ముప్పాతిక వంతు నీరే. అది నేలపై తడిగా పేరుకుంటే అమోనియా పుట్టి కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మనం నిలబడి వాసన చూస్తే తెలియదు, కోడి ఎత్తుకు వంగి చూడాలి. అక్కడ ముక్కుకు ఘాటు తగిలిందంటే కోడికి అప్పటికే హాని మొదలైనట్టే.

ఆ పశువైద్యుడి సలహాతో గూటిని ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుకు పెంచాం, కోడికి రెండు చదరపు అడుగులు వచ్చేలా. పగలంతా బయట తిరిగే కోళ్లకు ఇది చాలు గానీ, పగలు కూడా మూసి ఉంచేవారు ఇంతకు రెట్టింపైనా ఇవ్వాలి. పొడుగు గోడలు ఒకటి ఉత్తరం వైపు, ఒకటి దక్షిణం వైపు వచ్చేలా కట్టడంతో ఎండ నేరుగా లోపలికి పడటం లేదు. ఆ రెండు గోడలకూ పైభాగంలో అడుగు ఎత్తు మేర ఇటుక తీసేసి, అర అంగుళం కన్నుల వెల్డింగ్ మెష్ బిగించాం. వేడి గాలి పైకి పోతుంది కనుక ఆ సందు కోళ్లు కూర్చునే వెదురు కర్రలకన్నా ఎత్తులోనే ఉండాలి, అప్పుడు ధనుర్మాసపు చలిగాలి కూడా వాటికి నేరుగా తగలదు. మామూలు కోళ్ల వల చవకే, కానీ దాని కన్నుల్లోంచి పాము దూరగలదు. రేకుపై చెరకు ఆకు దట్టంగా పరిచాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు జల్లు కొట్టే వైపు మాత్రమే గోనెపట్ట కడుతున్నాం, రెండోవైపు ఎప్పుడూ మూయడం లేదు. నేలపై మూడంగుళాల వరి ఊక పోసి వారానికోసారి తిరగేస్తున్నాం. మన ప్రాంతంలో వేరుశనగ పొట్టు సులువుగా దొరుకుతుంది గానీ, తడిస్తే బూజు పట్టి కోళ్లకు విషమవుతుంది కనుక బాగా ఎండినదే వాడాలి.

పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ వంటి రకాల కోడిపిల్లలను పంపిణీ చేసేటప్పుడే గూటి కొలతలు, గాలి సందుల బొమ్మ ఉన్న ఒక కాగితం కూడా చేతికి ఇవ్వాలని పశుసంవర్ధక శాఖ అధికారులను కోరుతున్నాను. తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పల్లెవాళ్లు వచ్చి కొలుచుకుపోయేలా తక్కువ ఖర్చుతో ఒక నమూనా గూడు అక్కడ కట్టి చూపితే, వచ్చే వేసవిలోపే చాలామంది తమ గూళ్లను మార్చుకోగలుగుతారు.

– ఒక పాఠకురాలు, చంద్రగిరి, తిరుపతి జిల్లా