పిల్లలను కాచే కొర్రమీనును పట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

తొలకరి వానలకు కొత్తనీరు చేరగానే గేలం పట్టుకుని చెరువుగట్టు ఎక్కే వారిలో ముప్పయ్యేళ్లుగా నేనూ ఒకడిని. తాటిపూడి జలాశయం అంచునా, మా గంట్యాడ మండలంలోని చెరువుల దగ్గరా సాయంత్రాలు గడిపిన వాడిని కనుక, వానాకాలంలో కొర్రమీనును పడుతున్న తీరు చూసి ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

బొచ్చె, శీలావతి చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు; వరద పారే నదుల్లోనే పెడతాయి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌదరి హార్మోన్ ఇంజక్షన్‌తో గుడ్లు పెట్టించి చూపిన తరువాత ఆ పిల్లలను కేంద్రాల్లో పెంచి చెరువుల్లో వదలడం సాధ్యమైంది. కొర్రమీను మాత్రం మన చెరువులోనే, గట్టువార కలుపు మధ్య నీటిపైన గుడ్లు పెట్టి, పిల్లలు బయటికి వచ్చాక కూడా వారాల తరబడి వాటి వెంటే తిరుగుతూ కాపలా కాస్తుంది.

కిందటి శ్రావణంలో మా ఊరి చెరువు తూము దగ్గర అలాంటి గుంపును చూశాను. ఎర్రటి పిల్లలు వందల కొద్దీ ఒక్కసారిగా గాలి కోసం పైకి వస్తుంటే, చాటంత మేర నీరు ఎసరు మరిగినట్టు కదిలింది. ఇద్దరు యువకులు సరిగ్గా ఆ గుంపు మీదికే కప్పను గుచ్చిన గేలం విసిరారు. కింద కాపలా ఉన్న చేప ఆకలితో కాదు, పిల్లలను కాచుకోవడానికే దాన్ని కరిచింది. రెండు కిలోలకు పైగా ఉన్న ఆ చేపను సంచిలో వేసుకుని వారు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున అక్కడ జెల్లలు ఎగబడుతున్నాయి. పిల్లల గుంపు కనబడలేదు. ఆ చేపకు సంతలో మంచి ధర పలుకుతుందని నాకూ తెలుసు, వారి మీద నాకు కోపం లేదు, కానీ ఆ ఒక్క చేపతో ఒక తరమంతా పోయిందన్న సంగతి వారికి ఎవరూ చెప్పలేదు.

ఇన్వర్టర్ తగిలించిన బ్యాటరీతో నీటిలోకి కరెంటు వదిలేవారి సంగతి ఇంతకన్నా ఘోరం. అందులో చిన్నా పెద్దా తేడా లేకుండా చేపలు చస్తాయి.

చెరువులను వేలం వేసేటప్పుడు పంచాయతీలు, మత్స్యకార సహకార సంఘాలు ఒప్పందంలోనే రెండు షరతులు రాయించాలని నా మనవి: కరెంటుతో చేపలు పట్టరాదు, పిల్లల గుంపు కనిపించిన చోట గేలం గానీ వల గానీ వేయరాదు. మత్స్యశాఖ వారు వానలకు ముందే ఊరూరా దండోరా వేయించాలి. గేలం వేసే మిత్రులకు మరో మాట. కొర్రమీను గాలి పీల్చి బతికే చేప కనుక, పొరపాటున తగిలినా చేయి తడిపి పట్టుకుని, గేలం మెల్లగా విప్పి అదే చోట వదిలితే బతికే వీలుంటుంది, మళ్లీ పిల్లల దగ్గరికి చేరవచ్చు.

– ఒక పాఠకుడు,
గంట్యాడ మండలం, విజయనగరం జిల్లా