టాలీ ఒక డిస్కులో, లైనక్స్ ఇంకో డిస్కులో

ఒరే శ్రీనూ,

ఫోన్‌లో నేను సగం చెప్పేలోపే గిరాకీ వచ్చిందని పెట్టేశావు. కూకట్‌పల్లి నుంచి మల్కాజిగిరికి నువ్వు రావాలన్నా, నేను అటు రావాలన్నా ఆ ట్రాఫిక్‌లో సగం రోజు పోతుంది. అందుకే నీ షాపు కంప్యూటర్ గురించి ఇలా రాస్తున్నా. పొడుగే ఉంటుంది, షాపు బంద్ చేశాక తీరిగ్గా చదువు.

ముందు ఆ సర్వీసు అబ్బాయి సంగతి. "విండోస్ 10 అయిపోయింది సార్, కొత్త సిస్టమ్ కొనాల్సిందే" అన్నాడన్నావు కదా, అందులో సగమే నిజం. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆపేసిన మాట వాస్తవం. నీది ఏడో తరం ఐ5, విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఇంచుమించు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, పైగా టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలంటుంది. అయితే ఇళ్లలో వాడేవాళ్ల కోసం ఈఎస్‌యూ పేరుతో సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పెట్టారు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరొచ్చు. శుభ్రంగా పనిచేస్తున్న మదర్‌బోర్డును పాతసామాన్లవాడికి వేయడానికి నాకైతే మనసొప్పదు.

నీకు విండోస్ ఎందుకు కావాలో ఆలోచించు. షాపు లెక్కలు రాసే టాలీ కోసం, అంతే. బ్యాంకు, మెయిల్, జీఎస్టీ పోర్టల్ అన్నీ బ్రౌజర్‌లో నడిచేవే, విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లైనక్స్‌లోనూ నడుస్తాయి. నీది సొంత షాపు, రిటర్న్ ఓటీపీతో వేసేస్తావు కాబట్టి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గొడవ కూడా లేదు. మీ అమ్మాయి అమ్ములుకి కాలేజీలో సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఎలాగూ ఉంది, లైనక్స్‌లో కంపైలర్ పెట్టుకోవడం రెండు నిమిషాల పని. కాబట్టి ఇద్దరికీ కలిపి డ్యూయల్ బూట్, అంటే ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవడం. లెక్కలు విండోస్‌లో, నెట్ పనంతా లైనక్స్‌లో.

ఏ లైనక్స్ అంటే, మింట్ పెట్టు. కింద బార్, మూలన మెనూ, అంతా విండోస్ లాగే కనిపిస్తుంది కాబట్టి వదిన కూడా ఇబ్బంది పడదు. మింట్ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. తెలుగు కీబోర్డు కూడా అందులోనే ఉంది, కాకపోతే ఇన్‌స్క్రిప్ట్ అనే కీల వరుస అలవాటు చేసుకోవాలి.

ఇక అసలు మాట. యూట్యూబ్‌లో చూసి ఉన్న డిస్కులోనే విండోస్ జాగాని ష్రింక్ చేసి (తగ్గించి), మిగిలిన జాగాలో లైనక్స్ వేద్దామన్నావు చూడు, అది మాత్రం వద్దురా. పని జరగదని కాదు, ల్యాప్‌టాప్‌లలో చాలామంది అలాగే చేస్తారు. కానీ నీ డిస్కులో ఉన్నది ఇన్నేళ్ల టాలీ డేటా. పార్టిషన్ (డిస్కులోని భాగం) జరుపుతుండగా ఎండాకాలం సాయంత్రం గాలివానకి కరెంటు పోయిందనుకో, ఆ తర్వాత ఎవరిని తిట్టుకున్నా లాభం లేదు. అంతా సజావుగా అయినా, ఒకే ఇంట్లో రెండు కాపురాల్లాగా రెండు సిస్టమ్‌లనీ మొదలుపెట్టే బూట్ ఫైళ్లు ఒకే చిన్న పార్టిషన్‌లో సర్దుకోవాలి. విండోస్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు బూట్ వరుసలో తనే ముందుకొచ్చి కూర్చోవడం మామూలే.

డెస్క్‌టాప్‌లో నీకున్న సుఖం ఏంటంటే లోపల ఇంకో డిస్కుకి చోటుంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఒక 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు, సాటా అనేది దాన్ని తగిలించే కేబుల్ రకం) తెచ్చుకో. మింట్‌కి 20 జీబీ ఉన్నా సరిపోతుంది, 100 ఉంటే హాయి అంటారు, కాబట్టి 256 దండిగా ఉన్నట్టే. సాటా కేబుల్ విడిగా అడిగి తీసుకో, ఎస్ఎస్‌డీ డబ్బాలో సాధారణంగా ఉండదు. వెళ్లేముందే క్యాబినెట్ మూత తీసి, పవర్ సప్లై నుంచి ఇంకో సాటా పిన్ ఖాళీగా వేలాడుతోందో లేదో చూసుకో. అక్కడికెళ్తే గ్రాఫిక్స్ కార్డు కూడా అంటగట్టాలని చూస్తారు, దానికి దొరక్కు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముఖ్యమైనది ఒక్కటే: కరెంటు తీసేసి, విండోస్ డిస్కు కేబుల్ పీకి పక్కన పెట్టు. లోపల కొత్త ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉండాలి. రెండూ తగిలించి ఉంచితే కొన్ని ఇన్‌స్టాలర్లు సిస్టమ్‌ని కొత్త డిస్కులో వేసి, దాన్ని మొదలుపెట్టే బూట్‌లోడర్‌ని మాత్రం పాత డిస్కులో పెడతాయి, అప్పుడు విడి డిస్కు కొన్నదే దండగ. ఒక్కటే ఉంటే "డిస్కు మొత్తం తుడిచేయమంటావా" అని అడిగినా ధైర్యంగా ఊ అనొచ్చు. పని పూర్తయ్యాక పాతది మళ్లీ తగిలించి, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) విండోస్ డిస్కునే మొదట ఉంచు. పొద్దున షాపు కుర్రాడు ఆన్ చేస్తే నేరుగా టాలీ ఉన్నచోటికే వెళ్తుంది. లైనక్స్ కావాలన్నప్పుడు ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కాలి. గిగాబైట్ బోర్డయితే ఎఫ్12, ఎంఎస్ఐ అయితే ఎఫ్11, ఆసుస్ అయితే ఎఫ్8.

పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) ఎక్కించొచ్చు, అమ్ములు చేసేస్తుంది. బూట్ మెనూలో ఆ పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్నదే ఎంచుకోమను. వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. పెన్‌డ్రైవ్ మీదే మింట్ మొత్తం నడుస్తుంది కదా, కాసేపు అలాగే వాడి చూడండి. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మరీ ముఖ్యంగా నీ పాత లేజర్ ప్రింటర్‌ని గుర్తుపడుతోందా. పాత లేజర్లు కొన్ని లైనక్స్ దగ్గర మొండికేస్తాయి, నీదీ అలాగే చేస్తే బిల్లులు విండోస్‌లోనే తీసుకో, దానికోసం తల బద్దలు కొట్టుకోకు. వైఫై డాంగిల్ పనిచేయకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, నెట్ వచ్చేస్తుంది. డ్రైవర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పెట్టాక రెండు తిక్కలు ఎదురవుతాయి, టెన్షన్ పడకు. ఒకటి గడియారం. విండోస్ మదర్‌బోర్డు గడియారాన్ని మన టైమ్ అనుకుంటుంది, లైనక్స్ దాన్నే యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైమ్) అనుకుంటుంది. లైనక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే ఐదున్నర గంటలు వెనక్కి పోయి, సాయంత్రం ఆరింటికి పన్నెండున్నర చూపిస్తుంది. దీనికి లైనక్స్‌లో ఒక లైను కమాండ్ ఉంది, వాట్సాప్‌లో పంపుతా, కాపీ చేసి వేస్తే చాలు. రెండోది ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్ నుంచి ఆ డిస్కు తెరిస్తే చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి దాన్ని ఆపేయ్.

ఇంత చేసినా రెండూ ఒకదానికొకటి పూర్తిగా సంబంధం లేకుండా ఉంటాయని మాత్రం చెప్పను. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చి, సెక్యూర్ బూట్ (మొదలయ్యే సిస్టమ్ నమ్మదగినదేనా అని చూసే రక్షణ) ఆన్‌లో ఉన్న చాలామంది లైనక్స్‌ని బూట్ కాకుండా చేసింది. ఆ మార్పు డిస్కులో కాదు, మదర్‌బోర్డు మెమరీలో పడింది, కాబట్టి విడి డిస్కు ఉన్నా తప్పించుకునే దారి లేదు. సెక్యూర్ బూట్ ఆపి లోపలికెళ్లి లైనక్స్ అప్‌డేట్ చేసుకోవాల్సి వచ్చింది. అలాంటిది మళ్లీ వచ్చినా నీ టాలీకి ఏమీ కాదు, అమ్ములు ల్యాబ్ పని ఓ పూట ఆగుతుంది, అంతే.

వచ్చే ఆదివారం నేనే వస్తా, స్క్రూడ్రైవర్ తెస్తాలే. అప్పటికి టాలీ బ్యాకప్ తీసి ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టు, తీశానులే అనకుండా ఒకసారి రీస్టోర్ చేసి చూడు. ఐఎస్ఓ దాదాపు 3 జీబీ ఉంటుంది, అమ్ములుని శనివారం రాత్రే దించి ఉంచమను. వదినకి చెప్పు, భోజనం అక్కడే.

నీ
రవి