వార్షిక నివేదిక: ఈ ఏడాది మన రిజిస్ట్రీ పని

సభ్యులందరికీ నమస్కారం. నెలవారీ మీటింగులు, కొత్తగా జబ్బు బయటపడినవాళ్లకి ఫోన్ చేసి మాట్లాడటం, ఇవన్నీ ఎప్పటిలాగే నడిచాయి. ఈ ఏడాది ఎక్కువ ఓపిక పెట్టింది మాత్రం క్యాన్సర్ పేషెంట్ రిజిస్ట్రీల పని మీద, అంటే ఎవరికి ఏ జబ్బు, ఏ వైద్యం జరిగింది, ఆ తర్వాత ఎలా ఉన్నారు అన్న వివరాలు ఒకచోట చేర్చే రికార్డుల పని మీద, అందుకే దాని గురించే రాస్తున్నాను.

మొదట్లో చాలామంది అడిగింది ఒకటే, మందుల్ని మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్ జరుగుతున్నాయి కదా, మళ్లీ మా వివరాలెందుకు అని. ట్రయల్‌లోకి తీసుకోవాలంటే వయసు, గుండె, కిడ్నీలు అన్నీ వాళ్ల రూల్స్‌కి సరిపోవాలి, మనలో చూస్తే షుగర్ ఉన్నవాళ్లు, 70 దాటినవాళ్లు ఎంతోమంది, వాళ్లకి అదే మందు ఎలా పనిచేసిందో తెలియాలంటే రోజువారీ వైద్యం రికార్డులే దిక్కు. మగవాళ్లకి వచ్చే రొమ్ము క్యాన్సర్ చూడండి, మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 1 శాతం లోపో కాస్త అటూ ఇటూనో, ట్రయల్‌కి సరిపడా మనుషులే దొరకరు. 2019లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ, పాల్బోసిక్లిబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందుని మగవాళ్లకి కూడా అనుమతించిందంటే, అప్పటికే ఆ మందు వాడిన మగవాళ్ల ఆస్పత్రి రికార్డులు, ఇన్సూరెన్స్ క్లెయిముల వివరాలు చూసే. ఇలా రికార్డులు చేర్చిపెట్టడం కొత్తేం కాదు, డెన్మార్క్ అయితే 1942లోనే దేశం మొత్తానికి క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టుకుంది.

అసలు కష్టం ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నాక తెలిసింది. ఒకావిడ ఫైల్‌లో స్టేజ్ రాయాల్సిన చోట ఖాళీ. కీమో మొదలైన తేదీ డిశ్చార్జ్ సమ్మరీలో ఒకటి, కార్డు మీద ఇంకొకటి, మధ్యలో మూడు వారాల తేడా. పేరు స్పెల్లింగ్ కూడా రెండు రకాలు, అంటే రిజిస్ట్రీలో ఆవిడ ఇద్దరు మనుషులైపోవచ్చు! ఇలాంటివి దొరికినప్పుడల్లా మన వాలంటీర్లు సభ్యులతో కలిసి వెళ్లి డాక్టర్ చేత సరిచేయించారు, వాళ్లకి ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

డేటా ఎక్కువుంటే చాలు నిజం తేలిపోతుందని కూడా అనుకోకూడదు. రెండో దఫా మందు, అంటే మొదటి మందు పనిచేయనప్పుడు మార్చి ఇచ్చేది, తీసుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని లెక్కల్లో కనిపిస్తుంది, కానీ రెండో దఫా దాకా రావాలంటే అప్పటిదాకా బతికుండాలి కదా, రోజులు ఎక్కడినుంచి లెక్కపెట్టారో చూడకపోతే గొప్ప మందు కాదు గాని గొప్ప పొరపాటు బయటికొస్తుంది. ఇది అర్థమయ్యేదాకా ఒక మీటింగ్ మొత్తం పట్టింది, పట్టినా మంచిదే.

పేర్లు బయటపడతాయన్న భయం న్యాయమైనదే. పేరు తీసేసినా, జబ్బు అరుదైనదైతే వయసు, ఊరు చూసి మనిషిని పోల్చుకోవచ్చు. అందుకే కన్సెంట్ ఫారం పక్కన కూర్చుని లైన్ లైన్ చదివి వినిపించాం, వద్దన్నవాళ్లని మళ్లీ అడగలేదు.

వచ్చే ఏడాది, మనల్ని వదిలి వెళ్లినవాళ్ల ఫైళ్లు. చనిపోయిన తేదీ ఎక్కకపోతే రిజిస్ట్రీకి వాళ్లు ఆస్పత్రికి రావడం మానేసినవాళ్లు, అంతే, వాళ్లు చివరిదాకా ఎంత కాలం పోరాడారో లెక్కలోకే రాదు. ఇంట్లోవాళ్లు చెప్పగలిగినప్పుడు చెప్పండి, తొందరేం లేదు, ఇంటికొచ్చి మేమే రాసుకుంటాం.